సెఖోన్ నాట్ విమానం బొమ్మ చేయించాను: షాపు గురించి, పని గురించి

1971 పాకిస్తాన్ యుద్ధంలో ఫ్లయింగ్ ఆఫీసర్ సెఖోన్ నడిపిన నాట్ అనే చిన్న ఫైటర్ విమానానికి, మా ఊరి స్కూలు పిల్లల కోసం ఒక షాపులో చెక్క బొమ్మ చేయించాను. ముందే చెప్పేస్తాను. విమానం పని బాగుంది. ఇత్తడి ఫలకం పని బాగోలేదు. స్టాండు మాత్రం గొడవపడి సాధించుకున్నది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ నాలుగూ ముందు కూర్చునే ఓనరుకి కాదు, వెనక గదిలో కూర్చుని చెక్కిన మేస్త్రికి.

షాపు సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ వైపు ఒక సందులో ఉంటుంది. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను, వాళ్ల పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. తిరుమలగిరి, బొల్లారం వైపు రిటైరై స్థిరపడ్డ సర్వీసు వాళ్లను ఎవరినడిగినా దారి చెబుతారు. ముందు గదినిండా స్కూలు కప్పులు, షీల్డులు, సన్మానాల్లో శాలువాతో పాటు చేతిలో పెట్టే మెమెంటోలు. పక్కన గాజు బీరువాలో ట్యాంకులు, మిగ్-21లు, సుఖోయ్‌లు, తేజస్‌లు. బదిలీ మీద వెళ్లేవాళ్లకి, రిటైరయ్యేవాళ్లకి యూనిట్ల వాళ్లు ఇక్కడ చేయిస్తుంటారు. వీటన్నిటికీ అచ్చులున్నాయి. ఫైబర్ పోతపోసి, ఉప్పుకాగితం పట్టి, రంగేస్తే అయిపోయింది. నాట్‌కి అచ్చు లేదు. "ఆ విమానం ఇప్పటిదాంక ఎవ్వరు అడగలే సార్" అన్నాడు ఓనరు. ఒక్కదాని కోసం అచ్చు చేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది గనక చెక్కలో చెక్కించాల్సి వచ్చింది. నా అదృష్టం.

ఎందుకు చేయించానో చెబితేగాని నా పట్టింపులు మీకు అర్థం కావు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం ఒంటి పని చూసేవాడిగా చేసి వచ్చినవాణ్ణి. నాట్‌ని మన ప్రభుత్వ విమానాల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్ వాళ్లు మెరుగుపరిచి అజీత్ అని చేశారు. 1991లో అది సర్వీసు నుంచి వెళ్లిపోయేదాకా దాని చుట్టూ తిరిగిన చేతులివి. మా సొంతూరు బాపట్ల వైపు. నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూలుకి డిసెంబరులో వెళ్లి పిల్లలతో మాట్లాడి వస్తుంటాను. ఆ పిల్లలకి ఎయిర్‌ఫోర్స్ కొత్త కాదు. సూర్యలంకలో స్టేషన్ ఉంది. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద విమానాలు దించే ట్రయల్స్ చేసినప్పుడు గోడలెక్కి చూసినవాళ్లున్నారు. అయినా "ఎయిర్‌ఫోర్స్‌లో ఎంతమందికి పరమవీర చక్ర వచ్చిందిరా" అంటే పదనీ ఇరవై అనీ అరుస్తారు. ఇప్పటిదాకా మొత్తం 21 మందికి వస్తే, అందులో ఎయిర్‌ఫోర్స్ మనిషి ఒక్కడే. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్. లూధియానా జిల్లా ఇసేవాల్ గ్రామం. తండ్రీ ఎయిర్‌ఫోర్సే. 1967లో కమిషన్, ఆ తర్వాత 18వ స్క్వాడ్రన్. తోటివాళ్లు "బ్రదర్" అని పిలిచేవాళ్లట.

ఫొటో చూపిస్తే పిల్లలకి తలపాగా కట్టుకున్న మంచి మనిషి కనబడతాడు, అంతే. ఆయన ఎంత చిన్న దాంట్లో కూర్చుని ఏ పరిస్థితిలో పైకి లేచాడో ఫొటోలో లేదు. అది చేతికి తెలియాలి. అందుకని 24కి ఒకటి కొలతలో అడిగాను. అసలు నాట్ పొడవు 8.74 మీటర్లు, రెక్క చివర నుంచి రెక్క చివరకి 6.73. మా కొలతలో 36 సెంటీమీటర్లు, 28 సెంటీమీటర్లు వస్తుంది. ఓనరుకి ఇది నచ్చలేదు. "అదే రేటుకి రెండడుగులు చేసిస్త సార్, పెద్దగుంటె స్కూల్ల మంచిగ కనవడ్తది" అన్నాడు. పెద్దగా కనబడకూడదనే కదయ్యా నా బాధ! నిచ్చెన అవసరం లేకుండా నేల మీద నిలబడి పని చేసుకోగలిగిన విమానం అది. ఖాళీగా తూస్తే రెండు టన్నుల పైచిలుకు. పైలట్ దాంట్లో కూర్చున్నాడనడం కంటే దాన్ని తొడుక్కున్నాడనడం నయం. పెద్దది చేసి పెడితే ఆ రహదారి మీద చూసిన సుఖోయ్‌కి తమ్ముడనుకుంటారు పిల్లలు.

దీనికి నేనొక ఉపాయం చెప్పాను, ఓనరు ఒప్పుకున్నాడు. ఆ విషయంలో అతనికి మెప్పు ఇవ్వాల్సిందే. కింద పెట్టే టేకు పలక మీద అదే కొలతలో, సెఖోన్ ఎదుర్కొన్న పాకిస్తాన్ ఫైటర్ సేబర్ విమానం బొమ్మని సన్నటి తెల్ల గీతతో గీయించాను. దాదాపు 47 సెంటీమీటర్ల పొడవు. నాట్ దానిమీద నిలబడితే చుట్టూ సేబర్ గీత కనబడుతూ ఉంటుంది. ఇక నేనేమీ చెప్పక్కర్లేదు. పక్కన చిన్న అక్షరాలతో "ఇలాంటివి ఆరు" అని రాయించాను.

ఆరు. 1971 డిసెంబరు 14. పెషావర్ నుంచి ఆరు సేబర్లు శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీదికి వచ్చాయి. కశ్మీర్ మీద 1948లో కుదిరిన ఒప్పందం వల్ల శాంతికాలంలో అక్కడ ఫైటర్లు ఉంచేవాళ్లు కాదు. యుద్ధం మొదలయ్యాకే నాట్‌లు వెళ్లాయి. ఆ కొండలు, ఆ ఎత్తు, ఆ చలి, అన్నీ ఆ కుర్రాళ్లకి కొత్త. రెండు నాట్‌లు సిద్ధంగా ఉన్నాయి. ముందు ఫ్లైట్ లెఫ్టినెంట్ ఘుమ్మన్ లేచాడు. వెనక సెఖోన్ లేచేసరికి రన్‌వే మీద బాంబులు పడుతున్నాయి. ఆ పొగలో, మంచులో ఘుమ్మన్‌కి తన జోడీ కనబడలేదు. సెఖోన్ ఒంటరిగానే సేబర్ల వెంట పడ్డాడు. పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో ఉన్న ప్రకారం ఒకదాన్ని కొట్టాడు, ఇంకోదానికి నిప్పంటించాడు. ఇంతలో మిగతావి తోటివాళ్లకి సాయంగా తిరిగొచ్చాయి. ఒకటికి నాలుగు. చెట్ల తలలంత ఎత్తులో పోరాటం. చివరికి తూటాలు తగిలాయి. తనకి దెబ్బ తగిలిందని, వచ్చి వాళ్ల పని పట్టమని రేడియోలో ఘుమ్మన్‌కి చెప్పాడు. ఆఖరున దూకడానికి ప్రయత్నించినట్టుంది, కానపీ, అంటే పైలట్ మీదుండే పారదర్శకమైన మూత, ఊడి ఎగరడం చూసినవాళ్లున్నారు. అంత తక్కువ ఎత్తులో ఆ ప్రయత్నం ఫలించలేదు. శకలాలు ఒక లోయలో దొరికాయి. మనిషి దొరకలేదు. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఎంత వెతికినా దొరకలేదు.

అందుకే ఈ బొమ్మలో తప్పులుంటే నాకు మనసొప్పదు. సమాధి లేని మనిషికి గుర్తుగా పెట్టేది కనీసం సరిగ్గా ఉండాలని.

ఇక పని గురించి. మేస్త్రిది కొండపల్లి. బొమ్మల పని నేర్చుకుని బతుకుతెరువుకి ఇటొచ్చాడట. ఆయన పని పద్ధతి చూస్తే ముచ్చటేసింది. ఒళ్లు మొత్తం తెల్లపొణికి కర్ర. తేలికగా ఉంటుంది, ఉలికి వెన్నలాగా తెగుతుంది. రెక్కలు మాత్రం అంత పల్చన పొణికిలో చేస్తే నిలవవని టేకులో తీశాడు. రెక్క ఒంటికి అతికే చోట ఉండే ఒంపుని మక్కుతో నింపాడు. చింతగింజల పొడి, రంపప్పొట్టు కలిపి చేసే ముద్ద అది. కొండపల్లిలో బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికేది దాంతోనే. బెంగుళూరులో హెచ్‌ఏఎల్ వాళ్లు రివెట్లతో చేసిన ఒంపుని ఈయన చింతగింజలతో రప్పించాడు! వేలితో తడిమి చూశాను, ఎక్కడా మెట్టు తగల్లేదు. ఫిట్టర్ వేలికి మెట్టు తగలకపోవడమంటే చిన్న మెచ్చుకోలు కాదు.

రెక్కల దగ్గర ఆయనకీ నాకూ కాస్త వాదన జరిగింది. నాట్ రెక్కలు భుజాల దగ్గర పుట్టి చివరలకి కొంచెం కిందికి వాలతాయి.

"రెక్కలు కిందికి వంగినట్టు గీశారేంటండీ? పొరపాటా?"

"వంగే ఉంటాయి మేస్త్రీ."

"వంగితే అలిసిపోయినట్టుంటదండీ."

"దాన్ని అలసిపోయిందనుకున్నవాళ్లే దెబ్బతిన్నారు" అన్నాను. 1965లో దీన్ని సేబర్ల పాలిట గండమని చెప్పుకున్నారు కదా. ఆయన నవ్వి, వాల్చాడు. కోణం సరిగ్గా కుదిరింది.

ఫిరంగులు ఇంకో సంగతి. షాపులో డిజైన్లు చూసే కుర్రాడు ఇంటర్నెట్‌లో ఫొటోలు తీశాడు. తీసినవి సగం అజీత్‌వి, సగం బ్రిటన్ వాళ్ల ఎర్రటి రెండు సీట్ల ట్రైనర్‌వి. అజీత్ రెక్కల కింద తగిలించే సామాను చూసి, "అంకుల్, మనం కూడా కింద రెండు మిస్సైల్స్ పెడదామా, ఖాళీగా ఉంటే బాగోదు" అన్నాడు. సెఖోన్ దగ్గర మిస్సైల్ లేదు బాబూ. రెండు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు, అంతే. అవి కూడా రెక్కల్లో ఉండవు, గాలి లోపలికి వెళ్లే నోళ్లకి బయటి పక్కన, చెరొకటి. అవీ అప్పుడప్పుడూ మొరాయించేవి. వెనక తోకని తిప్పే హాబ్సన్ యూనిట్ పేరు చెబితే పాత ఫిట్టర్లు ఇప్పటికీ తల పట్టుకుంటారు. మంచి విమానమే గానీ బుద్ధిమంతురాలు కాదు. సరే, కుర్రాడు బుద్ధిగా విని రాసుకున్నాడు. చెక్కి వచ్చినప్పుడు ఫిరంగులు ఉండాల్సిన చోటే ఉన్నాయి. రెక్కల కింద ఖాళీగానే ఉంది.

ముక్కు మీద రెండు చిన్న సేబర్ గుర్తులు వేస్తామన్నారు, కూల్చిన విమానాలకి వేసినట్టు. వద్దన్నాను. ఓనరుకి నా మాట వింతగా తోచింది. "గెలిచినట్టు చూపియ్యాలె గద సార్" అన్నాడు. ప్రశంసాపత్రంలో ఉన్నది ఒకటి దెబ్బతిన్నదని, ఒకటి అంటుకున్నదని. తమ విమానాలన్నీ తిరిగొచ్చాయని పాకిస్తాన్ వాళ్లంటారు. ఆ లెక్క తేల్చడానికి నేనెవర్ని? గుర్తులు వేసేది తిరిగొచ్చిన విమానానికి. ఇది తిరిగి రాలేదు. పైగా ఆయన గొప్పదనం ఆ రెండు గుర్తుల్లో ఉందని పిల్లలు అనుకుంటే మొదటికే మోసం. బాంబులు పడుతున్న రన్‌వే మీద బండి నడిపించాడే, అక్కడుంది అసలు సంగతి.

స్టాండు మీద జరిగిన గొడవ ఇంతకంటే పెద్దది. వీళ్ల దగ్గర అన్ని విమానాలకీ ఒకటే స్టాండు. వంపు తిరిగిన స్టీలు కడ్డీ, ముక్కు ఆకాశానికి ఎత్తి. సుఖోయ్ అదే, తేజస్ అదే, పాపం రవాణా విమానం డకోటా కూడా అదే. నాకు పలక నుంచి కొద్దిగా మాత్రమే పైకి ఉండాలి, ఎడమ రెక్క దించి మలుపు తిరుగుతున్నట్టుండాలి. "పైకి లేస్తున్నట్టు పెడితెనే లుక్ వస్తది సార్, అందరు గట్లనే పెట్టిచ్చుకుంటరు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజు ఆకాశానికి ఎగిరే వెసులుబాటు ఆయనకి దొరకలేదయ్యా, చెట్ల మీదుగా చుట్లు తిరిగాడు అని చెప్పాను. చెట్లు అనేసరికి లోపల్నుంచి మేస్త్రికి ఉత్సాహం వచ్చింది. "చెట్లు కావాలా అండీ? తాటిచెట్లు నేను కళ్లు మూసుకుని చేస్తా, కల్లుగీసే బొమ్మకి చేసేవాళ్లమే కదా." శ్రీనగర్‌లో తాటిచెట్లా మేస్త్రీ! ముగ్గురం నవ్వుకున్నాం. పోనీ కశ్మీర్‌లో కనబడే పొడవాటి పోప్లార్ చెట్లు చేయిద్దామా అని లెక్క చూస్తే, మా కొలతలో ఒక్కో చెట్టు రెండడుగులు వస్తోంది. విమానం కంటే చెట్టు పెద్దది! చెట్ల ఆలోచన మానుకున్నాం గానీ, ఆ లెక్క విన్నాక ఓనరు కడ్డీ పొట్టిగా కోయించడానికి ఒప్పుకున్నాడు. అదనంగా డబ్బు అడగలేదు.

రంగు అల్యూమినియం వెండి. ఎనామెల్ రెండు పూతలు, కారిన గీతల్లేవు. రౌండెల్, అంటే ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తు, సరిగ్గా వేశారు, బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. దీన్ని తిరగేసి వేసిన బొమ్మలు ఎన్నో చూశాను గనక ఇదీ చెప్పాల్సిన విషయమే. కాక్‌పిట్ మీది కానపీ యాక్రిలిక్. ఎడమ పక్కన చిన్న గీత ఉంది, ప్యాకింగ్‌లో పడ్డదనుకుంటాను. మార్చిస్తామన్నారు, ఇంకా మార్చలేదు.

ఇప్పుడు ఫలకం. దీని దగ్గరే ఒక మార్కు పోయింది. నేను రాసిచ్చింది నాలుగు లైన్లు: పేరు, హోదా, స్క్వాడ్రన్, "శ్రీనగర్, 14 డిసెంబరు 1971". వాళ్లు చేసి తెచ్చింది పైన "అమర జవాన్", కింద ఒక పద్యం లాంటిది, రెండు వైపులా మూడు రంగుల రిబ్బన్లు, మూలల్లో తామరపూలు. ఇంత అలంకారంలో నా నాలుగు లైన్లు పప్పుగింజంత అయ్యాయి. అందులోనూ "స్క్వాడ్రన్" తప్పుగా చెక్కారు. పరమవీర చక్ర రిబ్బన్ మూడు రంగులది కాదు, ఊదా రంగు ఒక్కటే. అడిగితే "అందరికి ఇదే టెంప్లేట్ సార్" అన్నారు. కార్గిల్ వాళ్లకీ ఇదే, ఊరి సర్పంచ్ సన్మానానికీ ఇదే అన్నమాట. తిరగ్గొట్టాను. రెండోది మామూలుగా వచ్చింది, అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, కానీ ఇత్తడి పల్చన, వేలితో నొక్కితే వంగుతోంది. దీనికి విడిగా 600 తీసుకున్నారు. ఆ డబ్బుకి ఇంతకంటే మంచిది వేరేచోట చేయించుకోవచ్చు. మీరు వెళితే ఫలకం వీళ్లకి చెప్పకండి.

మొత్తం విమానం, పలక, స్టాండు కలిపి 7,500. ప్లాస్టిక్ కిట్ కొని అతికించుకోకూడదా అని మా అబ్బాయి అన్నాడు. కొనొచ్చు. కానీ మనకి తేలిగ్గా దొరికే డబ్బాల్లో ఎక్కువ భాగం ఎయిర్‌ఫిక్స్ వాళ్ల రెండు సీట్ల ట్రైనర్, బ్రిటన్ రెడ్ యారోస్ రంగుల్లో. సెఖోన్ వెనక సీట్లో ఎవరూ లేరు. అదీగాక ప్లాస్టిక్‌ది పిల్లల చేతికిస్తే సాయంత్రానికి చక్రాలొకచోట రెక్కలొకచోట. ఇది వాళ్ల చేతికివ్వొచ్చు. ఇచ్చాను కూడా. ఏడో తరగతి పిల్ల దాన్ని సేబర్ గీత మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "తాతగారూ, ఇది ఆరింటి మీదికి ఎందుకెళ్లింది, వెళ్లకుండా ఉండొచ్చుగా" అని అడిగింది. ఫొటో చూపించిన రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ పిల్లకి ఏం చెప్పానన్నది ఇక్కడ అనవసరం, కానీ నా 7,500 అక్కడ వసూలైపోయాయి.

ఒక జాగ్రత్త. మక్కుతో చేసిన అతుకులకి మన కోస్తా ఉక్కపోత, ఎండాకాలం వేడి రెండూ పడవు. కిటికీ పక్కన పెట్టొద్దని, అద్దాల పెట్టెలో పెట్టమని మేస్త్రి చెప్పాడు. పెట్టె షాపు వాళ్లు 2,200 చెప్పారు. బాపట్లలోనే వడ్రంగి చేత చేయించాను, సగానికి అయింది.

సెఖోన్‌కి లూధియానాలో విగ్రహముంది, ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో ప్రతిమ ఉంది, 2023లో అండమాన్లలో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు. ఆయన స్క్వాడ్రన్ ఇప్పుడు తేజస్ నడుపుతోంది. మా పిల్లలు ఇవన్నీ ఎప్పుడు చూస్తారో తెలియదు గనక మా స్కూలు బీరువాకి ఇది సరిపోతుంది.

మళ్లీ ఇదే షాపుకి వెళతాను. ఈసారి మిస్టేర్ అనే పాత ఫైటర్ చెక్కించాలి, స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య కోసం. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా ఎయిర్‌బేస్ మీద దాడికి వెళ్లి తిరిగి రాని కొడగు మనిషి. ఎంతో వేగమైన పాకిస్తాన్ విమానం స్టార్‌ఫైటర్‌ని తన మిస్టేర్‌తో పడగొట్టాడని తర్వాతెప్పుడో తేలి, 1988లో మహావీర చక్ర ఇచ్చారు. మేస్త్రికి చెబితే "రెక్కలు అవి కూడా వంగుంటాయా అండీ" అని మొదలుపెట్టాడు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. మూడు వైపుల నుంచి గీసిన కొలతల డ్రాయింగు మీరే పట్టుకెళ్లండి, ఫొటోల మీద వదిలేయకండి. అడ్వాన్సు సగం మించి ఇవ్వకండి. డిసెంబరుకి కావాలంటే దసరా ముందే చెప్పండి, ఆ తర్వాత స్కూలు కప్పుల పని మీద పడి మిమ్మల్ని పట్టించుకోరు. ఓనరుతో బేరం చేయండి గానీ, పని గురించి మాట్లాడాల్సింది మాత్రం వెనక గదిలో. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళితే మేస్త్రి తీరిగ్గా ఉంటాడు.